చక్రాలు తిరగవు.. బండి తిరుగుతుంది!

నేల మీదా, నీళ్ల మీదా నడిచే ఆరు చక్రాల బండిని ఎప్పుడైనా చూశారా? 1960ల్లో కెనడాలో పుట్టిన రకమిది. ఒంటారియోలోని న్యూ హాంబర్గ్ నుంచి 1967లో వచ్చిన ఆర్గో ఇప్పటికీ తయారవుతోంది. ఆ దగ్గర్లోనే వాటర్‌లూలో కోడింగ్ చేసుకునే నాకు, పొరుగాయన దగ్గరున్న పాత బండి పుణ్యమా అని వీటి లోగుట్టు తెలిసింది.

ఇందులో ముందు చక్రాలు కారులోలా పక్కకి తిరగవు. ఒక్కో వైపు చక్రాలన్నీ చైన్లతో కలిసి నడుస్తాయి. ఎడమ లివర్ లాగితే గేర్‌బాక్స్‌లోని బ్యాండ్ ఆ వైపు డ్రమ్మును బిగించి ఆపుతుంది. కుడి చక్రాలు నడుస్తూనే ఉంటాయి, బండి ఎడమకు తిరుగుతుంది. రైతు ఒక ఎద్దు పగ్గం లాగి, రెండోదాన్ని అదిలించినట్టే!

ఏళ్లు గడిస్తే బ్యాండ్ లైనింగ్ అరిగిపోతుంది. ఎంత లాగినా పట్టు దొరకదు. నేల మీదైతే దిగి తోసుకుంటాం. చెరువు మధ్యలో? అక్కడ టైర్లే తెడ్లు, టైర్లే చుక్కాని. ఒకవైపు పట్టు పోతే రెండోవైపుకే చక్కర్లు కొట్టాలి. పొరుగాయన అందులో మనవళ్లని తిప్పుతారు మరి!

అందుకే బండిని స్టాండ్ల మీదకెత్తాం. ఇంజిన్ ఆపి, సర్దుబాటు నట్టు కొంచెం తిప్పడం, లివర్ లాగి చూడడం. వదులైతే బ్యాండ్ జారుతుంది. మరీ బిగిస్తే లివర్ వదిలినా రాసుకుంటూ వేడెక్కి కాలిపోతుంది. రెండు లివర్లూ ఒకే దూరంలో పట్టాలి. మా కోడింగ్ సూత్రమే ఇక్కడా: ఒకసారికి ఒక్క మార్పు, వెంటనే టెస్ట్.

ఇలాంటి పాత బండి ఎక్కే ఛాన్స్ వస్తే రంగు, హంగు తర్వాత. ముందు నేల మీద రెండువైపులా తిప్పి చూడండి. నీళ్లలోకి ఆ తర్వాతే!