వినికిడి లోపం – సిగ్గు వద్దు, పరీక్ష ముద్దు

చూపు తగ్గితే కళ్ళజోడు పెట్టుకుంటాం. వినికిడి తగ్గితే మాత్రం దాచుకుంటాం. ఎందుకు? ‘చెవిటోడు’ అంటారని!

మా నాన్న తాడేపల్లిగూడెంలో రైస్‌మిల్లు కూలీ. హాస్టల్ నుంచి మేము ఫోన్ చేస్తే ‘ఆ... ఆ...’ అని ఫోన్ అమ్మకిచ్చేసేవారు. మామీద కోపమనుకున్నాం. నిజానికి మా మాట ఆయనకు వినబడటం లేదు.

85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ళ తరబడి పనిచేస్తే లోపలి చెవిలోని కేశకణాలు దెబ్బతింటాయి. అవి మళ్ళీ మొలవవు. అప్పుడు మిషను అవసరమవుతుంది. అది శబ్దాన్ని పెంచి వినిపిస్తుందే గాని, పోయిన వినికిడిని తిరిగి తేదు. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

అయితే ప్రతి చెవుడుకీ మిషను అక్కర్లేదు. గులిమి గట్టిపడినా, చీము కారినా వినికిడి తగ్గుతుంది. వీటికి వైద్యం ఉంది. కొల్లేటి లంకల్లో చెరువుల్లో ఈదే పిల్లలకు చెవి కారితే ఇంట్లో కాచిన నూనె పోస్తారు. అది ప్రమాదం. పుల్లలు కూడా పెట్టరాదు.

ముందు ఏలూరు ప్రభుత్వాసుపత్రి వంటి చోట చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. ఆడియోమెట్రీ పరీక్షలో ఏ చెవి ఎంత వింటుందో తెలుస్తుంది. నొప్పి ఉండదు. 40 శాతం వైకల్యం ఉన్నట్లు సదరం సర్టిఫికెట్ వస్తే, కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి అమలు చేస్తున్న ఎడిప్ పథకం కింద పేదలకు మిషను ఉచితం.

నాన్నను ఒప్పించడానికి మాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఫోన్ అమ్మకివ్వడం లేదు!

మిత్రులారా! సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు టీవీ సౌండు ఎంత పెట్టారో ఒక్కసారి గమనించండి.