దుఃఖమునకు మెట్లున్నవా?

ఆప్తుని మరణవార్తను మనస్సు మొదట నమ్మదు. పిమ్మట కోపించును, దైవముతో బేరమాడును, క్రుంగును, తుదకు ఒప్పుకొనును. 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ ఈ ఐదు దశలను వివరించెను. అయితే ఆమె ముఖ్యముగా పరిశీలించినది మరణము నెదుర్కొనుచున్న రోగులను. వారిని పోగొట్టుకొనిన బంధువులను కాదు. ఈ సంగతిని పలువురు మరచుచుందురు.

టాల్‌స్టాయ్ నవల 'యుద్ధము-శాంతి' 1869 నాటికే పూర్తియైనది. అందు నెపోలియను సేనలతో పోరాడుచు పేత్యా యను బాలుడు మరణించును. తల్లి రోస్తోవా దొరసాని ఆ వార్త అబద్ధమని కేకలు వేయును. కుమార్తె నతాషా రాత్రింబవళ్లు ఆమె చెంతనే యుండును. మూడవనాటి రాత్రి తల్లి పక్కమీద లేచి కూర్చుండి, కుమారుడే వచ్చినాడనుకొని, టీ కావలెనా యని ఆప్యాయముగా అడుగును. నతాషా దగ్గరకు రాగానే నిజము గ్రహించి, మొదటిసారి కన్నీరు కార్చును.

నెల గడచుసరికి ఏబదియేండ్ల ఆ చురుకైన స్త్రీ ముదుసలి యగును. నతాషా సంగతి వేరు. ప్రియుడు ఆంద్రే మరణముతో ఆమె అంతకుముందే లోకమునకు దూరమై యుండెను; తల్లిని ఓదార్చుచు తానే తేరుకొనును.

శోకార్తుడు ఒకమారు పోయినవారిని తలచి విలపించును, మరియొకమారు జీవితపు పనులలో పడును. ఇట్లు ఊగుచుండునని 1999లో స్ట్రోబె, షుట్ అను పరిశోధకులు ప్రతిపాదించిరి. నతాషాకు ఆ పనిని తల్లి దుఃఖమే చూపినది. తల్లికి అట్టిది దొరకలేదు. 1813లో భర్తయు పోయినపిమ్మట దినములు గడచుటయే తప్ప, ఆమెకు కోరిక యనునది లేదు.