నార్వే భాష కష్టమా?

పిల్లలూ, ఐరోపాఖండానికి ఉత్తరపు కొసన నార్వే దేశం ఉన్నది. ఆ దేశపు భాష కొత్తవారికి కష్టమా, సులభమా? చదివి మీరే చెప్పండి.

మనం "నేను వెళతాను, నీవు వెళతావు, ఆమె వెళుతుంది" అంటాము. కర్తను బట్టి క్రియ మారుతుంది. నార్వే వారికి ఈ బాధ లేదు. "యై గోర్, దూ గోర్, హున్ గోర్" అంటారు. ఎవరు వెళ్ళినా "గోర్" ఒక్కటే!

మరి చిక్కెక్కడ? చెవి దగ్గర. "నేను" అనటానికి ఓస్లో నగరంలో "యై" అంటారు. బెర్గెన్ వెళితే అదే "ఎగ్" అవుతుంది. ట్రొండ్‌హైమ్‌లో, మనం "మేక" అనేటప్పుడు పలికే "ఏ" వంటి శబ్దం ఒక్కటే వినిపిస్తుంది. పుస్తకం చూసి నేర్చినవాడు పాపం తెల్లబోతాడు. వ్రాతలోనూ బూక్మోల్, నీనొష్క్ అని రెండు పద్ధతులున్నాయి. 1885లో ఆ దేశపు పార్లమెంటు రెంటికీ సమానస్థానం ఇచ్చింది.

ఎందుకిన్ని తీరులు? ఊరి యాసలకు వారు విలువ ఇచ్చారు. బడిలో నోటిపాఠాలు వీలైనంతవరకు పిల్లల సొంత వాడుకలోనే సాగాలని 1878లోనే పార్లమెంటు నిర్ణయించింది. నేటికీ పార్లమెంటు సభ్యులు తమ ఊరి యాసలోనే ప్రసంగిస్తారు.

కనుక నేర్చుకునేవాడు ముందు ఒక ఊరి మాట పట్టుకుని, తర్వాత మిగతావాటికి చెవి అలవాటు చేసుకోవాలి. కొత్తవారికి ఇది శ్రమే. కాని అక్కడి పల్లెటూరి పిల్లవాడు అమ్మ నేర్పిన మాటకు సిగ్గుపడనక్కరలేదు.

మీ తరగతిలోకి వేరే జిల్లా పిల్లవాడు వస్తే, అతని యాస విని నవ్వబోయే ముందు ఈ సంగతి తలచుకోండి.