కొండకు తగ్గ పళ్ళు

ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్ పట్టణం నుంచి దక్షిణంగా బయల్దేరితే ఊరు దాటీ దాటకముందే రోడ్డు కొండెక్కుతుంది. 1161 మీటర్ల ఎత్తున్న కోల్ ద లా రెపబ్లిక్ కనుమ దాకా ఎక్కుడే. 1903లో మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ రేసర్లు దాన్ని గేరు మార్చే వీలు లేని సైకిళ్ళ మీదే దాటారు. అదే ఊళ్ళో పట్టు వ్యాపారం వదిలి సైకిళ్ళ బాట పట్టిన పాల్ ద వివీ మాత్రం అప్పటికే ఆ పద్ధతి మీద పోరాడుతున్నాడు. ‘వెలోసియో’ అనే కలం పేరుతో, తన ‘ల సిక్లిస్ట్’ పత్రికలో ఏళ్ళ తరబడి వాదించాడు. మనిషి సత్తువకు ఒక హద్దుంది, రోడ్డు మాత్రం ఒక్కలా ఉండదు. ఆ తేడాను సైకిలే సర్దుకోవాలన్నది ఆయన పట్టు.

రేసుల లోకం వినలేదు. 1902లో ఫ్రెంచి టూరింగ్ క్లబ్ కొండదారుల్లో పెట్టిన పోటీలో మార్త్ హెస్ అనే మహిళ మూడు గేర్ల సైకిలు తొక్కి, ఒకే గేరుతో దిగిన ఛాంపియన్ ఎడువార్డ్ ఫిషర్‌ను ఓడించింది. అయినా, మరుసటి ఏడాది టూర్ ద ఫ్రాన్స్‌ను మొదలుపెట్టబోయే హెన్రీ డెగ్రాంజ్ మనసు కరగలేదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకేనని, గెలుపు కండబలంతోనే రావాలని రాశాడు. టూర్‌లో అగ్రశ్రేణి రేసర్ల చేతికి గేర్లు మార్చే పరికరం, డీరైలర్, అందింది 1937లో. ఆ ఏడు రోజె లాపెబీ దానితోనే గెలిచాడు.

అంతదాకా వాళ్ళు పడిన పాట్లు చూడండి. వెనక చక్రానికి రెండు పక్కలా వేర్వేరు లెక్కన పళ్ళున్న చక్రాలు బిగించుకునేవారు. కొండ మొదట్లో దిగి, నట్లు విప్పి, చక్రం ఊడదీసి, తిరగేసి బిగించేవారు. పైకెక్కాక దిగుడు కోసం మళ్ళీ అదే పని, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో. మూడు దశాబ్దాలకు పైగా ఇలా సాగడానికి కారణం యంత్రంలో లోపమని చెబితే నమ్మలేం. అది వట్టి బింకం. ఆ బింకానికి మూల్యం చెల్లించింది రేసర్ల మోకాళ్ళు.

డీరైలర్ పని సూటిగా ఉంటుంది. చైనును ఒక పళ్ళచక్రం మీంచి పక్కదాని మీదికి నెడుతుంది. చిన్న చక్రం మీదికి వచ్చినప్పుడు వదులయ్యే చైనును స్ప్రింగు చేయితో లాగి పడుతుంది. అది చేసే మేలు తెలియాలంటే చిన్న లెక్క చాలు. ఈ శతాబ్దం మొదట్లో చాలా రోడ్ బైకులకు ముందు 53, 39 పళ్ళ చైన్ వీళ్ళు, వెనక పళ్ళచక్రాల దొంతరలో, అంటే క్యాసెట్‌లో, పెద్దది 25 పళ్ళది ఉండేవి. 39ని 25తో భాగిస్తే 1.56. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 3.3 మీటర్లు పోతుంది.

ఇప్పుడు వంద మీటర్లకు 8 మీటర్లు లేచే రోడ్డు అనుకుందాం. సైకిలుతో కలిపి 80 కిలోల బరువు గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే 150 వాట్లు కావాలి. 39-25 మీద ఆ వేగంలో పెడళ్ళు నిమిషానికి 40 చుట్లే తిరుగుతాయి; ప్రతి చుట్టూ ఒక పెనుగులాట. ముందు 34, వెనక 32 ఉంటే అదే వేగానికి 60 చుట్లు. కావాల్సిన శక్తి ఏమీ తగ్గలేదు, కాలు వేయాల్సిన బలం మాత్రం మూడోవంతు తగ్గింది.

అయితే పాత సైకిలుకు ఇలాంటి గేర్లు వేయించుకోవడంలో తొందర పనికిరాదు. పెడళ్ళూ చైన్ వీళ్ళూ బిగించే పాత క్రాంకుల్లో చాలావాటికి చైన్ వీల్ బోల్టులు 130 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి. దానికి 38 పళ్ళకంటే చిన్న చైన్ వీల్ పట్టదు. 34 కావాలంటే 110 మిల్లీమీటర్ల వలయం ఉన్న క్రాంకు కొనాల్సిందే. అందుకే ముందు క్యాసెట్ మార్చి చూడటం ఖర్చు తక్కువ దారి. అయితే డీరైలర్ దాన్ని మోయగలగాలి. ముందు 50-34, వెనక 11-32 అనుకుంటే తేడాలు 16, 21, కలిపితే 37. పొట్టి చేయి ఉన్న డీరైలర్ అంత వదులు చైనును లాగిపట్టలేదు, పొడుగు చేయిది కావాలి. అన్నిటికంటే ముఖ్యం చైను పొడవు. ముందు పెద్దది, వెనక పెద్దది కలిసినప్పుడు చైను చాలకపోతే డీరైలర్ విరిగిపోవచ్చు, నడుస్తున్న సైకిలు మీద అది ప్రమాదం. పాత చైను చాలుతుందేమోనని సరిపెట్టుకోకుండా, పెద్ద క్యాసెట్‌తో పాటు కొత్తది కొలిచి వేయించుకోవాలి.

డెగ్రాంజ్ మాటలు రేసుల్లోనే చెల్లకుండా పోయాయి. 2021లో షిమానో తన అగ్రశ్రేణి రేసింగ్ సరంజామా డ్యూరా-ఏస్‌ను కొత్తగా తెచ్చినప్పుడు 53-39 జతను వదిలేసింది. ముందు 50-34, వెనక 11-34 తీసుకునే వీలు కల్పించింది. ఆ చివరి గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే.