అలల ఊయలలో నిద్ర

తెల్లవారడానికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉన్నది. పుదుచ్చేరి సముద్రతీర వీథిలో, గాంధీజీ విగ్రహం చుట్టూ జనసంచారం లేదు. ఫ్రెంచివారి కాలంనాటి మేడల కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. ఊరు గాఢనిద్రలో ఉన్నది. కాని తూర్పున, ఆకాశమేదో నీరేదో తెలియని చీకటిలో, అక్కడక్కడ చిన్న దీపాలు మినుకుమినుకుమంటున్నాయి. అవి చేపల పడవలు. వాటిలో కొందరు మేలుకొని వల కనిపెట్టుకొని ఉంటారు; కొందరు తాళ్ల చుట్టల ప్రక్కనే ఒళ్లు వాల్చి కునుకు తీస్తుంటారు. మెత్తని పరుపు మీద, తలుపులు బిగించుకొని పడుకున్నా నిద్రపట్టక దొర్లేవారు ఎందరో ఉన్న ఈ లోకంలో, కాలి క్రింద నేల అన్నదే లేనిచోట మనిషి ఎట్లా నిద్రపోగలుగుతున్నాడు?

ఈ ప్రశ్నను తమ అనుభవంలో ఎదుర్కొన్నవారిలో ఈ పట్టణపు ఆడపడుచు ఒకరున్నారు. భారత నౌకాదళ అధికారిణి లెఫ్టినెంట్ కమాండర్ రూపా అళగిరిసామి పుదుచ్చేరివారు. 2024 అక్టోబరు 2వ తేదీన ఆమె, కేరళకు చెందిన లెఫ్టినెంట్ కమాండర్ దిల్నా కలసి, 56 అడుగుల పొడవుగల ‘తారిణి’ అనే తెరచాప నావలో గోవా నుండి బయలుదేరారు. ఆస్ట్రేలియా, న్యూజీలండు, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికా రేవులలో ఆగుతూ భూగోళాన్ని చుట్టి, 2025 మే చివరి దినాలలో తిరిగి గోవా చేరారు. ఎనిమిది మాసాలకాలం; దాదాపు 25,400 నాటికల్ మైళ్ల ప్రయాణం. నావలో ఉన్నది వారిద్దరే.

అదే ‘తారిణి’ 2017-18లో తొలిసారి మహిళా నావికులతో ప్రపంచాన్ని చుట్టి వచ్చినప్పుడు అందులో ఆరుగురున్నారు. వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగు ప్రాంతాలవారే. ఆరుగురుంటే పహరా వంతులు పంచుకోవచ్చును. ఇద్దరే ఉంటే లెక్క సులభం, ఆచరణ కఠినం: ఒకరు కన్ను మూస్తే రెండవవారు కన్ను తెరచి ఉండాలి.

ఊపులోని రహస్యం

నీటి మీద నిద్ర మన పూర్వులకు కొత్త కాదు. బస్సులూ రైళ్లూ అన్ని ఊళ్లకూ రాని రోజులలో గోదావరి, కృష్ణా డెల్టాల ప్రజలకు కాలువ ప్రయాణమే ప్రయాణం. రాత్రి భోజనం ముగించుకొని గూటిపడవ ఎక్కితే తెల్లవారేసరికి అవతలి ఊరు. పెదగంజాం నుండి మద్రాసు మీదుగా మరక్కాణం వరకు సాగిన బకింగ్‌హామ్ కాలువ ఆ మార్గాలలో ఒకటి. మరక్కాణం పుదుచ్చేరికి ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉన్నది. గట్టు మీద మనుషులు తాడు లాగుతుండగా, గెడ నీటిలో పడే చప్పుడు వింటూ ప్రయాణికులు నిద్రపోయేవారు. లాకు దగ్గర పడవ ఆగితే మాత్రం మెలకువ వచ్చేది. ఊపు ఆగినందున వచ్చిన మెలకువ అది.

ఉయ్యాలలో బిడ్డ కూడా అంతే. ఊగుతున్నంతసేపు నిద్రపోతుంది, తల్లి చేయి ఆపగానే కళ్లు తెరుస్తుంది. తరతరాలుగా తల్లులకు తెలిసిన ఈ సంగతిని స్విట్జర్లండులోని జెనీవా శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరీక్షించారు. 2011లో ప్రచురితమైన వారి పరిశోధనలో పన్నెండుమంది వయోజనులు మధ్యాహ్నంవేళ 45 నిమిషాలు నిద్రించారు. ఒకసారి కదలని మంచం మీద, మరొకసారి నాలుగు సెకండ్లకొక ఊపు చొప్పున మెల్లగా ఊగే మంచం మీద. ఊగే మంచం మీద వారికి త్వరగా నిద్ర పట్టింది. 2019లో పద్దెనిమిదిమందితో రాత్రంతా జరిపిన మరొక పరీక్షలో గాఢనిద్రకాలం పెరగటమే కాక, ముందురోజు నేర్చుకొన్న విషయాలు మరింత బాగా జ్ఞాపకమున్నట్లు తేలింది.

దీనికి మూలం చెవిలో ఉన్నది. లోపలి చెవిలో శరీరపు కదలికనూ, తూకాన్నీ గుర్తించే సూక్ష్మావయవాలు కలవు. మెల్లని, సమానమైన ఊపును అవి మెదడుకు అందజేస్తాయి. ఆ లయ మెదడులోని నిద్రాతరంగాలను స్థిరపరుస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ అవయవాలు పుట్టుకతోనే పనిచేయని ఎలుకలను ఊపినప్పుడు వాటి నిద్రలో ఏ మార్పూ రాలేదు.

అయితే ఊపు మితంగా ఉండాలి, క్రమంగా ఉండాలి. అది మితిమీరినప్పుడు ఆ చెవే శత్రువవుతుంది. గది గోడలు నిలకడగా ఉన్నాయని కన్ను చెబుతుంది; అంతా కదలుతున్నదని చెవి చెబుతుంది. ఈ వివాదం వల్లనే సముద్రపు వికారం కలుగుతుంది. అప్పుడు వెల్లకిల పడుకొని కళ్లు మూసుకొంటే వివాదంలో ఒక సాక్షి తగ్గినట్లే. చాలామందికి రెండు మూడు రోజులలో శరీరం అలవాటు పడుతుంది.

నిద్ర ప్రాణాంతకమైనప్పుడు

సముద్రం ఎల్లప్పుడూ ఉయ్యాల కాదు. ఈ సత్యం పుదుచ్చేరి తీరానికి బాగా తెలుసు. పూర్వం ఇక్కడ ఓడలు ఒడ్డుకు చేరగల రేవు లేదు. అవి దూరాన బహిరంగ సముద్రంలో లంగరు వేసుకొని ఉండేవి; కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు ఆ నురుగుటలలను దాటి మనుషులనూ సరకులనూ చేరవేసేవి. 1761 కొత్త సంవత్సరం పుట్టినవేళ, పట్టణాన్ని ముట్టడించి లంగరు వేసిన ఆంగ్లేయ నౌకల మీద తుఫాను విరుచుకుపడింది. కొన్ని ఓడలు మునిగిపోయాయి, కొన్ని ఒడ్డుకు కొట్టుకొని వచ్చాయి. వందలాది నావికులు మరణించారు. లంగరు వేసినంత మాత్రాన నిశ్చింతగా నిద్రపోవచ్చునని ఏ నావికుడూ అనుకోడు.

ప్రశాంతమైన రాత్రి మరొక రకమైన ప్రమాదం. 1492లో క్రిస్మస్ రాత్రి హైతీ తీరంలో సముద్రం నిశ్చలంగా ఉన్నది. అంతకుముందు సరిగా నిద్రలేని కొలంబస్ పడుకొన్నాడు. చుక్కాని పట్టినవాడు దానిని ఒక కుర్రవాడికి అప్పగించి తానూ పడుకొన్నాడు. ‘సాంతా మారియా’ ఓడ మెల్లగా దిబ్బనెక్కి, మళ్లీ తేలలేదు.

యంత్రయుగం వచ్చినా మనిషి కన్నురెప్ప మారలేదు. 2010 ఏప్రిల్‌లో ‘షెన్ నెంగ్ 1’ అనే బొగ్గు ఓడ ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బను ఢీకొన్నది. పహరాలో ఉన్న అధికారి అంతకుముందు 38 గంటలకు పైబడిన కాలంలో రెండున్నర గంటలు మాత్రమే నిద్రించినట్లు విచారణలో తేలింది. అందువల్లనే అంతర్జాతీయ నిబంధనలు ఓడ సిబ్బందికి రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలని నిర్దేశిస్తున్నాయి. ఆ 10 గంటలను రెండు భాగాలకు మించి విడదీయరాదు. అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గరాదు. ముక్కలుగా కోసిన నిద్ర ఎంత కూడబెట్టినా పూర్తి నిద్రతో సమానం కాదని ఈ నియమం ఒప్పుకొంటున్నది.

ఒంటరిగా నావ నడిపేవారికి ఆ సౌకర్యం కూడ లేదు. 2012-13లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చిన తొలి భారతీయుడు అభిలాష్ టోమీ. రూప, దిల్నాలకు శిక్షణనిచ్చినవారు ఆయనే. ఓడల రద్దీగల మార్గాలలో ఒంటరి నావికులు ఇరవై నిమిషాలకొకసారి లేచి చుట్టూ చూచుకొనటం పరిపాటి. అందుకు కారణం సామాన్య గణితం. 20 నాట్ల వేగంతో వచ్చే ఓడ ఇరవై నిమిషాలలో 12 కిలోమీటర్లకు పైగా దూసుకొని వస్తుంది. దూరాన దీపంగా కనిపించినది, కునుకు తీసి లేచేసరికి ఎదుట నిలుస్తుంది.

నావికుల పాఠాలు

ఇంతటి కష్టాల మధ్య నిద్రను సంపాదించుకొనటానికి నావికులు శతాబ్దాలుగా కొన్ని ఉపాయాలు కనిపెట్టారు. అమెరికా దీవులలోని ఆదివాసులు చెట్ల నడుమ కట్టుకొనే వల ఊయలను కొలంబస్ కాలపు నావికులు చూచి తమ ఓడలకు తెచ్చుకొన్నారు. ఓడ ఎటు ఒరిగినా ఊయల నిలువునే వ్రేలాడుతుంది కనుక నిద్రించేవాడు క్రింద పడడు. ఆంగ్లేయ యుద్ధనౌకలలో ఒక్కొక్క ఊయలకు కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు మాత్రమే!

నేటి తెరచాప నావలలో పడకలు ఇరుకుగా ఉండటం లోభం వలన కాదు. వెడల్పైన పడక మీద శరీరం దొర్లుతుంది. దొర్లకుండ ఉండటానికి నిద్రలోనూ కండరాలు బిగుసుకొని ఉంటాయి. అట్టి నిద్ర విశ్రాంతినివ్వదు. అందుకే పడక అంచున కాన్వాసు గుడ్డను గోడవలె బిగించి కడతారు. పడక నావ మధ్యభాగంలో, వీలైనంత క్రిందుగా ఉండాలి. ముందుభాగం అలలకు ఎగిరిపడుతుంది. కాళ్లు ముందువైపుకు ఉంచి పడుకొంటారు. నావ దేనినైనా ఢీకొంటే దెబ్బ తలకు గాక కాళ్లకు తగులుతుంది.

తడిబట్టలతో పడుకొనరాదు. పడుకొనేముందు కడుపు మరీ నిండుగా గాని, మరీ ఖాళీగా గాని ఉండరాదు. రాత్రివేళ లోపల ఎర్రని మందదీపమే వెలిగిస్తారు; తెల్లని కాంతి పడితే చీకటికి అలవాటు పడిన కన్ను మళ్లీ సిద్ధం కావటానికి అరగంట పడుతుంది. నిద్ర లేపవలసినవారిని పహరావేళకు కొన్ని నిమిషాలు ముందుగానే లేపుతారు. గాఢనిద్ర నుండి లేచినవాని బుద్ధి వెంటనే పదునెక్కదు గనుక ఆ మత్తు వదలిన తరువాతనే చుక్కాని అప్పగిస్తారు.

అన్నిటికంటె విచిత్రమైనది చెవి పహరా. అలవాటైన నావికుడు అలల హోరులోనూ, యంత్రపు రొదలోనూ సుఖంగా నిద్రిస్తాడు. శబ్దపు ధోరణి మారితే చాలు, లేచి కూర్చుంటాడు. తెరచాప టపటపలాడినా, యంత్రం ఆగినా అతనికి పిలుపే.

కాని ఏ ఉపాయమూ భయాన్ని పోగొట్టలేదు. పుదుచ్చేరికి సమీపాన నోనాంకుప్పం వద్ద చున్నాంబార్ నీటిలో సాగే విహార పడవలో పర్యాటకుడు నిశ్చింతగా కన్ను మూయగలడు. ఎందుకంటే ఒడ్డు కనబడుతున్నది, సరంగు మేలుకొని ఉన్నాడు. 2025 జనవరి 30న ‘తారిణి’ పసిఫిక్ మహాసముద్రంలో పాయింట్ నీమో అనే బిందువు సమీపాన సాగింది. ఆ బిందువునుండి ఏ దిక్కున చూచినా అతి సమీప భూభాగం 2,600 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. ఆ దక్షిణ జలాలలో 50 నాట్ల గాలులు, గడ్డకట్టించే చలి వారు ఎదుర్కొన్నారు. అట్టిచోట నిద్రపోవాలంటే ఒకే ఒక ఆధారం: పైన చుక్కాని వద్ద ఉన్న మనిషి తనకోసం మేలుకొని ఉన్నదన్న నమ్మకం. తన వంతు రాగానే తానూ అంత మెలకువతో ఉండటమే ఆ నమ్మకానికి వెల.

పుదుచ్చేరిలో తెల్లవారుతున్నది. తేంగాయ్‌తిట్టు రేవులో పడవలు ఒడ్డు చేరుతున్నాయి. చేపల గంపలు దిగుతున్నాయి, బేరాలు మొదలవుతున్నాయి. ఊరు నిద్రలేచే వేళకు జాలరి ఇల్లు చేరి చాప పరచుకొంటాడు. చాలాకాలం నీటి మీద ఉండి వచ్చినవారికి కొంతసేపు నేల కూడ ఊగుతున్నట్లే ఉంటుంది. కళ్లు మూసుకొన్న తరువాత ఆ ఊపు మెల్లమెల్లగా తగ్గుతుంది. ఇప్పుడు మేలుకొని ఉండవలసినది ఇంటివారు. అతడు నిశ్చింతగా నిద్రపోవచ్చును.