బ్రేకు వేస్తే పాత జీపు పక్కకు ఎందుకు లాగుతుంది?

ఎప్పుడైనా పాత జీపు ఎక్కారా? తిన్నగా వెళ్తున్న బండి, బ్రేకు తొక్కగానే ఎడమకో కుడికో లాగేస్తుంది. స్టీరింగు పాడైందనుకుంటాం. చాలాసార్లు అసలు దొంగ చక్రం లోపల ఉంటాడు!

పాత జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చక్రంతోపాటు ఒక ఇనుప డ్రమ్ము తిరుగుతుంది. దాని లోపల వంపు తిరిగిన రెండు ముక్కలుంటాయి, వాటినే బ్రేకు షూలంటారు. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడి షూలను డ్రమ్ముకు అదిమిపెడుతుంది. ఆ రాపిడికే చక్రం ఆగుతుంది.

ముందు కుడి చక్రంలో ఆయిల్ కారి షూలు తడిశాయనుకోండి. నూనె చేతులతో సీసా మూత తిప్పితే జారిపోతుంది కదా? అక్కడా అంతే, పట్టు దొరకదు. ఎడమ చక్రం మాత్రం గట్టిగా ఆగుతుంది. బండి అటే తిరుగుతుంది.

బ్రేకు వేయకపోయినా లాగుతోందా? అయితే ముందు టైర్లలో గాలి చూడాలి, ఖర్చులేని పరీక్ష అదే. గతుకు దాటగానే స్టీరింగు వణికితే దాని కీళ్లు అరిగాయేమో చూడాలి. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే బ్రేకు పైపుల్లోకి గాలి చేరి ఉండొచ్చు. ఆయిల్ నొక్కినా కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది.

ఇలాంటి బండిని మెకానిక్ చూసేదాకా ఘాట్ రోడ్డు ఎక్కించొద్దని పెద్దవాళ్లకు చెప్పండి.