మా యింటి చెక్కగోడ

మా జగ్గయ్యపేట యింట్లో నడవకూ పడమటి గదికీ మధ్య గోడ లేదు. టేకు పలకల అడ్డు ఉన్నది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టుకొని చెక్కగోడ యేమిటని వచ్చినవాళ్ళు నవ్వుతూ ఉంటారు. మా మామగారి తండ్రిగారు కట్టించిన యిల్లు. ఒక్కొక్క తరం ఒక్కొక్క రంగు పూసి, చివరికి అది ఆకుపచ్చో నీలమో చెప్పడానికి వీలులేకుండా చేసింది. పట్టపగలు కూడా ఆ గదిలో లైటు వేసుకోవలసిందే.

అమ్మాయి పురిటికి వస్తున్నది గదా, గది బాగుచేయిద్దామన్నాను. "పలకలు పీకి అమ్మితే ఆ డబ్బుతో గోడ లేస్తుంది" అన్నారు మావారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, తలుపు పక్క పలకమీద చెయ్యి వేసి నిలబడ్డారు. మావారి ఎత్తూ, మా ఆడపడుచు ఎత్తూ ఏటేటా కత్తితో గీసిన గాట్లు ఆ పలకమీదే ఉన్నాయి. అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నందిగామలో మా అన్నయ్య యిటువంటి పలకలమీదే ప్లాస్టిక్ పలకలు కొట్టించాడు. రెండు వానాకాలాలు ముచ్చటగానే ఉన్నది. తర్వాత ఒక మూల విప్పి చూస్తే చెద! తడి గోడకు గాలి తగలకుండా మూసేస్తే, టేకైనా చేవలేని భాగాన్ని చెద వదలదు. కనుక మేము రంగుతోనే సరిపెట్టుకోదలిచాము.

వడ్రంగి గరుకుకాగితం తీయగానే అమ్మాయి ఫోనులో "ఆగమ్మా!" అన్నది. పాత రంగుల్లో సీసం ఉండేదట. యింటి రంగుల్లో పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు. 2017 నవంబరునుంచి అమలైంది. అంతకుముందు పూసిన రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము కడుపుతో ఉన్నవాళ్ళకూ, పసిపిల్లల మెదడుకూ చేటు. గుండె గుభేలుమన్నది. పని ముగిసేదాకా అమ్మాయిని అన్నయ్య యింట్లోనే ఉంచాము.

గట్టిగా అంటుకొని ఉన్న రంగు జోలికి పోలేదు. పెచ్చులు లేచినచోట మాత్రం తడిపి రుద్దించాము. కింద పాలిథిన్ పట్టా, ముక్కుకు మాస్కు. చీపురు ముట్టలేదు, అంతా తడిగుడ్డతోనే తుడిచి మూటగట్టాము.

"ఇన్నేళ్ళూ ఆ దుమ్ము బట్టలతోనే పోయి మనవణ్ణి ఎత్తుకునేవాణ్ణి గదమ్మా" అన్నాడు వడ్రంగి. ఆనాటినుంచి మా నూతి దగ్గర స్నానంచేసి, చొక్కా మార్చుకొనిగాని వెళ్ళలేదు.

కొండపల్లి బొమ్మలవాళ్ళు చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు వేస్తారు. ఇతను పొట్టులో ఫెవికాల్ కలిపి బీటలు పూడ్చాడు. పలకల మధ్య సందులు మాత్రం వదిలేశాడు. వానల్లో చెక్క ఉబ్బడానికి చోటుండాలి. ప్రైమరు మానేసి డబ్బు మిగులుద్దామన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. టేకులోని నూనె లేతరంగుమీదికి పసుప్పచ్చగా ఊరుతుంది. ప్రైమరు మీద మీగడరంగు రెండు పూతలు వేయించాము. కొత్త గోడకు మేస్త్రీ చెప్పినదానిలో ఐదోవంతుతో పని తేలింది. పగలు లైటు అక్కరలేదు.

గాట్లున్న పలకకు మాత్రం రంగు వేయలేదు. పాతరంగు పైన వార్నిషు పూయించాము. మనుమరాలికి ఇప్పుడు మూడో నెల. అత్తయ్యగారు ఆ పలక అడుగున మూరెడెత్తులో వేలుపెట్టి, "కత్తి ఎక్కడ పెట్టావే?" అంటున్నారు.